ఇంటికి పిల్లిని తెచ్చుకున్నారా? తొందరపడకండి!

మొన్న వేసవిలో ఒకరోజు పొద్దున, అవుట్ పేషెంట్ల రద్దీ ఇంకా తగ్గకముందే, ఒక తల్లి పదేళ్ళ కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. నాలుగు రోజులుగా సన్నగా జ్వరం. కుడి చంకలో చిన్న నిమ్మకాయంత బిళ్ళ. ముట్టుకుంటే నొప్పి. "చేతికి ఎక్కడైనా దెబ్బ తగిలిందా బాబూ?" అంటే తల అడ్డంగా ఊపాడు. అంత ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని ఉండటం చూసి, అనుమానం వచ్చి చెయ్యి మడిచి చూశాను. మోచేతి కింద మూడు గీతలు ఎండిపోయి ఉన్నాయి.

"కంచె ముళ్ళు గీసుకున్నాయన్నాడండీ" అంది తల్లి.

ఆవిడను కాసేపు బయట కూర్చోమని వాణ్ణి మళ్ళీ అడిగాను. కళ్ళనీళ్ళు పెట్టుకుని అసలు సంగతి చెప్పాడు. రెండు వారాల కిందట వాళ్ళింటికి ఒక పిల్లిని తెచ్చుకున్నారు. వచ్చిన రోజునే అది గీరింది. "చెబితే నాన్న దాన్ని గోతాంలో పెట్టి ఊరవతల వదిలేస్తాడు డాక్టరు గారూ! అందుకే చెప్పలేదు."

ఆ బిళ్ళను చూసి నేను భయపడలేదు. ఈ మాట విని భయపడ్డాను. పిల్లి కరిచినా, గీరినా ప్రాణం మీదికి వచ్చే జబ్బు ఒకటి ఉంది. దాన్ని రాకుండా ఆపే మందూ ఉంది. కాని దాచిపెట్టిన గాయానికి ఏ మందూ అందదు.

అందుకే ఈ వారం పిల్లుల గురించి రాస్తున్నాను. మురిక్కాలవలోనో, స్కూటరు కిందనో, అపార్టుమెంటు మెట్ల కిందనో దిక్కులేక పడి ఉన్న పిల్లుల్ని చేరదీసి పెంచుకునేవారు మన పట్టణాల్లో ఎక్కువవుతున్నారు. హైదరాబాదులో అక్కినేని అమల 1992లో స్థాపించిన బ్లూక్రాస్ వంటి సంస్థలు ఇలాంటి మూగజీవాలను కాపాడి, కోరినవారికి పెంపకానికి ఇస్తున్నాయి. మంచి పనే. అయితే తెచ్చుకున్న మొదటి రోజుల్లో మనం చేసే తొందరపాటు వల్ల ఆ పిల్లీ బెదిరిపోతుంది, మన పిల్లలూ ఆస్పత్రి పాలవుతారు.

ఎనిమిదో ఇల్లు

పిల్లి తన కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలు అంటారు. అది ఊరికే తిరగటం కాదు. చోటు క్షేమం కాదని తోచినప్పుడల్లా కూనను మెడపట్టి మరో చోటికి చేరుస్తుంది. కొత్త చోటంటే అపాయం ఉండవచ్చుననే జాగ్రత్త పిల్లికి పుట్టుకతోనే వచ్చింది. అలాంటి జీవాన్ని మనం ఒక బుట్టలో పెట్టి, ఆటోలో తెచ్చి, ఎనిమిదో ఇంట్లో దించుతాం. వాసనలు కొత్త, మనుషులు కొత్త, మిక్సీ చప్పుడు కొత్త, కుక్కరు కూత కొత్త. అది వెంటనే వచ్చి ఒళ్ళో కూర్చోవాలంటే ఎలా కూర్చుంటుంది?

ఆ కుర్రవాడి ఇంట్లో జరిగింది ఇదే. పిల్లి రాగానే ఇరుగుపొరుగు పిల్లలంతా పోగయ్యారు. అది మంచం కిందికి దూరింది. పెద్దవాళ్ళు చీపురుతో అదిలించారు. వీడు మంచం కిందికి చెయ్యి పెట్టి కాలు పట్టుకు లాగాడు. గోడకూ చేతికీ మధ్య ఇరుక్కున్న పిల్లి ఇంకేం చేస్తుంది? గీరింది.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనందరికీ తెలిసిందే. ఒకసారి మరిగే పాలలో మూతి పెట్టిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నెను చూస్తేనే పారిపోయిందట. కథ నవ్వులాటదే అయినా అందులో పిల్లి స్వభావం ఉంది. ఒక్కసారి జడిసిన చోటును, జడిపించిన మనిషిని పిల్లి త్వరగా మరిచిపోదు. మొదటి రోజున మనం దాన్ని ఎలా చూస్తామన్నదే తర్వాతి నెలలను నిర్ణయిస్తుంది.

మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు

పిల్లుల్ని పెంపకానికి ఇచ్చేవారు ఒక లెక్క చెబుతారు. భయం తగ్గటానికి మూడు రోజులు, ఇంటి పద్ధతులు తెలియటానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవటానికి మూడు నెలలు. ఇది గీత గీసినట్టు ఉండే లెక్క కాదు. కొన్ని పిల్లులు గంటలో కలిసిపోతాయి, కొన్నింటికి ఆరు నెలలు పడుతుంది. అయినా గుర్తుంచుకోవటానికి మంచి లెక్క.

మొదటి మూడు రోజులు ఇల్లంతా చూపించకండి. ఒక చిన్న గది చాలు. కిటికీలకు జాలీ ఉండాలి, తలుపు మూసి ఉండాలి. ఒక మూల అట్టపెట్టెకు పక్కన కన్నం చేసి, లోపల పాత నూలు చీర పరిచి పెట్టండి. దాక్కోవటానికి చోటు దొరికిన పిల్లి త్వరగా కుదుటపడుతుంది. తిండి ఒక మూల, నీళ్ళు కొంచెం ఎడంగా, ఆ రెంటికీ దూరంగా మరో మూల ఇసుక పోసిన ప్లాస్టిక్ తొట్టి ఉంచండి. తినే చోట మలవిసర్జన చెయ్యటం పిల్లికి గిట్టదు. ఇసుక శుభ్రంగా ఉంటే చాలా పిల్లులు నేర్పకుండానే తొట్టిని వాడుకుంటాయి.

ఇంట్లో పెద్దవారు ఒక్కరే, రోజూ ఒకే వేళకు తిండి పెట్టండి. గదిలోకి వెళ్ళి నేలమీద కూర్చుని పేపరు చదువుకోండి. దాన్ని పిలవకండి, కళ్ళల్లోకి తేరిపార చూడకండి. పిల్లి భాషలో అలా చూడటం తగాదాకు రమ్మనటమే. అది మీ వంక చూసినప్పుడు నెమ్మదిగా కళ్ళు మూసి తెరవండి. అదీ అలాగే చేస్తే మీ మీద గురి కుదురుతున్నదన్నమాట. చెయ్యి కిందగా చాపి ఉంచితే తనే వచ్చి వాసన చూస్తుంది. చెంపను మీ చేతికి రుద్దితే సంతోషించండి. దాని చెంపల్లో వాసన గ్రంథులు ఉంటాయి. మీరు తన వాళ్ళని ముద్ర వేస్తున్నదన్నమాట.

రెండో వారం నుంచి ఒక్కొక్క గదీ చూపించండి. పిల్లలకు మాత్రం ముందే నాలుగు మాటలు చెప్పి ఉంచండి. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు ముట్టుకోకూడదు. తోక లాగకూడదు, పొట్ట మీద చెయ్యి వెయ్యకూడదు. దాక్కున్నదాన్ని బయటికి లాగకూడదు. చెవులు వెనక్కి వాల్చి, తోక విదిలిస్తూ, బుస్సుమంటే అక్కణ్ణించి లేచి వచ్చెయ్యాలి. చేతివేళ్ళతో ఆడించకుండా తాడుముక్కతో ఆడించటం అలవాటు చేస్తే గీతలు చాలావరకు తప్పుతాయి. ఆట అయిపోయాక ఆ తాడును తీసి దాచెయ్యండి. పిల్లి దాన్ని మింగితే పేగుల్లో చిక్కుకుంటుంది.

పాలు తాగించవచ్చా?

పిల్లి అనగానే మనకు పాలు గుర్తుకొస్తాయి. నిజానికి ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర జీర్ణం కాదు, విరేచనాలు పట్టుకుంటాయి. వాటికి మంచినీళ్ళే మేలు.

పిల్లి పుట్టుకతో మాంసాహారి. టారిన్ అనే పదార్థం దానికి తప్పనిసరిగా కావాలి. కావలసినంత అది తన ఒంట్లో తయారుచేసుకోలేదు, మాంసం, చేపల నుంచే దొరకాలి. టారిన్ లోపిస్తే పిల్లి కంటిచూపు పోతుందని 1975లోను, గుండె కండరం బలహీనమవుతుందని 1987లోను అమెరికాలో శాస్త్రజ్ఞులు నిరూపించారు. కనుక వట్టి పెరుగన్నంతో పిల్లిని పెంచటం సాధ్యం కాదు. ఉడికించిన చేప, కోడిమాంసం ముళ్ళూ ఎముకలూ తీసి పెట్టవచ్చు. ఇంట్లో మాంసం వండనివారు బజారులో దొరికే పిల్లి ఆహారం వాడుకోవచ్చు. అందులో టారిన్ కలుపుతారు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు పెట్టకండి. అవి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి.

మరొక ముఖ్యమైన మాట. పిల్లి నలతగా ఉందని మనం వేసుకునే జ్వరం మాత్ర దానికి వెయ్యకండి. పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపటానికి చాలు. రెండో రోజు కూడా ఏమీ తినకపోయినా, మగపిల్లి మాటిమాటికి ముక్కుతూ మూత్రం పొయ్యలేకపోయినా ఆలస్యం చెయ్యకుండా పశువుల ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

గీరితే, కరిస్తే ఏం చెయ్యాలి?

రేబిస్ కుక్క వల్లనే వస్తుందని చాలామంది అనుకుంటారు. మన దేశంలో ఎక్కువగా కుక్కకాటు వల్లనే వస్తున్నా, పిల్లి వల్ల కూడా వస్తుంది. జబ్బు బయటపడ్డాక బతికించటం దాదాపు అసాధ్యం. జబ్బు రాకముందే ఆపటం మాత్రం తేలిక.

గాయం అయిన వెంటనే కొళాయి కింద ధారగా పడే నీళ్ళతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసుకుని మరీ కడగండి. ఇంత చిన్న పని ఎంతో విషక్రిమిని కడిగి పారేస్తుంది. పసుపు, సున్నం, కాఫీపొడి, కారం అద్దకండి. కాల్చకండి. గట్టిగా కట్టు కట్టకండి. ఆ రోజే ఆస్పత్రికి రండి. ఏ కారణం వల్లనైనా ఆ రోజు రాలేకపోతే, ఆలస్యమైందని మానెయ్యకుండా తర్వాతైనా రండి.

టీకా అనగానే పెద్దవాళ్ళకు బొడ్డు చుట్టూ పొడిచే పద్నాలుగు ఇంజక్షన్లు గుర్తుకొచ్చి గుండె దడదడలాడుతుంది. ఆ పాత మందును మన దేశంలో 2004తోనే ఆపేశారు. ఇప్పటి టీకా చేతికే వేస్తారు. చర్మం పొరలో వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు వస్తే సరిపోతుంది. కండరానికి వేసే పద్ధతిలో పద్నాలుగో రోజున కూడా ఒకటి ఉంటుంది. గోరు గానీ పన్ను గానీ చర్మం లోపలికి దిగి రక్తం వస్తే, టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వెయ్యాలి. పథ్యం ఏమీ లేదు. గర్భవతులు, పాలిచ్చే తల్లులు, పసిపిల్లలు నిర్భయంగా వేయించుకోవచ్చు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ టీకా ఉచితం.

ఇక ఆ గోతాం సంగతి. కరిచిన పిల్లిని కోపంతో ఊరవతల వదిలేస్తే, మన చేతిలో ఉన్న ఒక గట్టి సాక్ష్యాన్ని పారేసుకున్నట్టే. రేబిస్ ఉన్న పిల్లి లాలాజలంలో విషక్రిమి ఉండే దశకు వచ్చిందంటే, ఆ తర్వాత పది రోజుల లోపల జబ్బు లక్షణాలు కనిపించి చనిపోతుంది. కరిచిన పది రోజుల తర్వాత కూడా పిల్లి ఆరోగ్యంగా తిని తిరుగుతుంటే, కరిచిన నాడు దాని లాలాజలంలో రేబిస్ లేదన్నమాట. టీకా మాత్రం పది రోజులు ఆగి చూసి కాదు, వెంటనే మొదలుపెట్టాలి. పిల్లి బాగుంటే మిగతా ఇంజక్షన్ల సంగతి డాక్టరు నిర్ణయిస్తారు. పైగా పెంచుకున్న జంతువును తిండి, నీళ్ళు దొరకని చోట అకారణంగా వదిలెయ్యటం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

ఆ తల్లిని లోపలికి పిలిచి నేను అడిగిన మొదటి ప్రశ్న, "పిల్లి ఎలా ఉంది?" అని. "లక్షణంగా ఉందండీ, పొద్దున్నే చేపముక్క తింది" అంది. గీరి పదిహేను రోజులైంది. నా గుండె తేలికపడింది. వాణ్ణి ఆదుకున్నది అదృష్టమే కాని మా తెలివి కాదు. అందరికీ ఆ అదృష్టం ఉంటుందని నమ్ముకోవటానికి వీల్లేదు.

బిళ్ళ ఎందుకు కట్టింది?

పిల్లి వెంట్రుకల్లో ఎగిరి గెంతే సన్న పురుగులు ఉంటాయి. వాటి రెట్టలో ఉండే బార్టొనెల్లా అనే సూక్ష్మజీవి పిల్లి గోళ్ళకు అంటి, గీరినప్పుడు మన ఒంట్లోకి చేరుతుంది. గీరినచోట చిన్న పొక్కు, ఒకటి నుంచి మూడు వారాల్లో ఆ పక్క చంకలోనో, మెడలోనో, గజ్జల్లోనో బిళ్ళ, కొద్దిపాటి జ్వరం వస్తాయి. ఏడాది లోపు వయసు పిల్లుల వల్ల ఇది ఎక్కువ. పిల్లిలో మాత్రం ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది, కొందరికి మందు కావాలి. కాని ఏ బిళ్ళ దేనివల్ల కట్టిందో డాక్టరే చూసి తేల్చాలి. పశువైద్యుణ్ణి అడిగి ఆ పురుగులకు మందు వాడితే ఈ బెడద చాలావరకు వదులుతుంది.

పిల్లి ఒంటిమీద అక్కడక్కడ గుండ్రంగా వెంట్రుకలు ఊడి, ఇంట్లో పిల్లలకు తామర మచ్చలు కనిపిస్తే, ఇద్దరికీ ఒకేసారి వైద్యం చేయించండి. ఒకరికే చేయిస్తే జబ్బు ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంటుంది.

గర్భవతి ఉన్న ఇంట్లో

"కోడలికి మూడో నెల, పిల్లిని పంపెయ్యాలా?" అని అత్తగార్లు అడుగుతూ ఉంటారు. పంపక్కర్లేదు, జాగ్రత్త పడితే చాలు. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి కొన్ని పిల్లుల మలంలో ఉంటుంది. గర్భిణికి మొదటిసారి అప్పుడే సోకితే లోపలి శిశువుకు హాని జరగవచ్చు. అయితే పిల్లి మలంలో అది బయటపడ్డ వెంటనే అంటుకోదు. అంటుకునే స్థితికి రావటానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. కనుక ఇసుక తొట్టిని రోజూ శుభ్రం చెయ్యాలి. ఆ పని గర్భిణి కాక మరొకరు చెయ్యాలి. తప్పనిసరైతే చేతికి తొడుగులు వేసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి.

పిల్లిని నిమిరినందువల్ల ఇది రావటం అరుదు. సరిగా ఉడకని మాంసం, మట్టి వదలని ఆకుకూరలు, శుద్ధి చేయని నీళ్ళ వల్ల వచ్చేదే ఎక్కువ. మాంసం బాగా ఉడికించండి, ఆకుకూరలు బాగా కడగండి. పిల్లికి పచ్చిమాంసం పెట్టకండి, ఎలుకల వేటకు వదలకండి. ఇల్లు కట్టటానికి వాకిట్లో పోయించిన ఇసుక మీద పట్టా కప్పి ఉంచండి. వీధి పిల్లులు అక్కడే మలవిసర్జన చేస్తాయి, మన పిల్లలు అక్కడే ఆడుకుంటారు.

ఉబ్బసం ఉన్నవారు

పిల్లి వెంట్రుక వల్ల ఆయాసం వస్తుందనే మాటలో సగం నిజం ఉంది. దోషం వెంట్రుకది కాదు. పిల్లి లాలాజలంలోను, చర్మగ్రంథుల్లోను తయారయ్యే ఒక ప్రొటీను కొందరికి పడదు. ఒళ్ళు నాకేటప్పుడు అది వెంట్రుకలకు అంటి, ఎండి, గాలిలో కలుస్తుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే పిల్లిని తేకముందే, అది ఉన్నచోటికి నాలుగైదుసార్లు వెళ్ళి గంటసేపు గడిపి చూడండి. తుమ్ములు, కళ్ళ దురద, పిల్లికూతలు వస్తే ఆ ఆలోచన మానుకోండి. తెచ్చాక పంపితే మీకూ బాధ, దానికీ బాధ. పైగా పిల్లి వెళ్ళిన తర్వాత కూడా ఆ ప్రొటీను ఇంట్లో నెలల తరబడి ఉంటుంది.

తెచ్చుకునేటప్పుడు మరచిపోరానివి

కూనను ఎనిమిది వారాలు నిండకముందు తల్లి నుంచి విడదియ్యకండి. ఇంటికి తేగానే పశువైద్యుడికి చూపించి నులిపురుగుల మందు పట్టించండి. మూడో నెలలో రేబిస్ టీకా, తర్వాత ఆయన చెప్పిన ప్రకారం మళ్ళీ మళ్ళీ వేయించండి. అయిదారు నెలలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించండి. పిల్లి గర్భం తొమ్మిది వారాలే. ఈతకు నాలుగైదు కూనలు. ఆపరేషన్ చేయించకపోతే, దిక్కులేని పిల్లిని ఒకదాన్ని కాపాడి మరో పదింటిని వీధిలోకి పంపినవారవుతారు. ఆపరేషన్ అయిన గండుపిల్లి వీధిలో పోట్లాటలు, ఇంట్లో మూత్రం చిమ్మటం కూడా చాలావరకు మానుకుంటుంది.

ఆరు వారాల తర్వాత ఆ తండ్రే కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. బిళ్ళ కరిగిపోయింది. వాడు పొట్టి చేతుల చొక్కా వేసుకున్నాడు. "పిల్లి ఎలా ఉందిరా?" అంటే, "నిన్న రాత్రి నా కాళ్ళ దగ్గర పడుకుందండీ. నేను పిలవలేదు, అదే వచ్చింది" అన్నాడు.

"మరి ఆ గోతాం?" అన్నాను తండ్రి వంక చూసి.

ఆయన నవ్వాడు. "వరండా గుంజకు చుట్టి గట్టిగా కట్టామండీ. గోళ్ళు గీరుకోవటానికి పనికొస్తోంది. ఇప్పుడు సోఫా జోలికి పోవటం లేదు."

గోతానికి అంతకంటె మంచి ఉపయోగం నాకు తోచలేదు. పిల్లి ఉన్న ఇంట్లో పిల్లలుంటే, ఈ రాత్రి అన్నాల దగ్గర వాళ్ళకు ఒక్కమాట చెప్పండి. "అది గీరినా, కరిచినా వెంటనే మాకు చెప్పు. నిన్నూ తిట్టం, దాన్నీ వదిలెయ్యం" అని. చెప్పటమే కాదు, ఆ మాట మీద నిలబడండి.